నూనె చేతికి, గింజకు గాదు

మా కోడలు కొంపల్లిలోని పెద్ద దుకాణం నుంచి తెచ్చే సరుకుల్లో సగం నాకు అర్థం కావు, మిగతా సగం అరగవు. అందుకే ఆమె సంచి విప్పే వేళకు నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. మొన్న మాత్రం ఒక పొట్లం బల్ల మీద పెట్టగానే నా పేపరు దానంతటదే ఒళ్లోకి దిగింది. వాసన. చిన్నప్పుడు తలకు పెట్టి, కడుపులోకి పోసి, దీపంలో వెలిగించి, బండి ఇరుసుకు రాసి, ఆఖరికి కందులకు కూడా పట్టించిన ఆముదం వాసన. పొట్లం మీద అందమైన అక్షరాలతో "ఆముదం పట్టించిన నాటు కందులు, మందులు లేవు, మన అమ్మమ్మల చేతి చలవ" అని రాసి ఉంది. దాని కింద ఒక అమ్మమ్మ బొమ్మ. రూపాయి బిళ్లంత బొట్టు, చేతుల నిండా గాజులు, రెండు ముక్కుపుడకలు, పళ్లన్నీ ఉన్న నవ్వు.

"అత్తయ్యా, మీ చిన్నప్పుడు కూడా ఇట్లనే చేసేవాళ్లా?" అని అడిగింది కోడలు. ఇట్లాగే చేసేవాళ్లమనీ, బొమ్మ ఒక్కటే తప్పనీ చెప్పాను. ఆమె నవ్వింది. నేను జోకు వేశాననుకుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు మా అపార్ట్‌మెంటులో రచయిత్రిని నేనొక్కదాన్నే. లిఫ్టు చెడిపోయిందన్న నోటీసును తెలుగులో రాయాలన్నా నన్నే పిలుస్తారు. అలాంటి దాన్ని కాబట్టి నేనేం చెప్పినా అందులో చమత్కారం ఉంటుందని ఇంట్లోవాళ్లు మర్యాదగా నమ్ముతారు. ఈసారి లేదు. మా ఇంట్లో కందులకు ఆముదం పట్టించిన చేతికి గాజులు లేవు, ఆ మొహానికి బొట్టు లేదు. ఆ చెయ్యి మా నాయినకు చెల్లెలైన సత్తెమ్మది. మేం పిల్లలం సత్తెత్త అనేవాళ్లం.

మా ఊరు శామీర్‌పేట నుంచి కీసరకు పోయే దారిలో ఉండేది. ఉండేది అని ఎందుకన్నానో ముందు ముందు తెలుస్తుంది. ఇంట్లో నడిమి గదిని కుండల అర్ర అనేవాళ్లం. కిటికీ లేదు. తలుపు తియ్యగానే ముందు చేదు వాసన, దాని వెనక జిడ్డు వాసన, ఆ రెండింటి వెనక మట్టి చల్లదనం, ఒకదాని తర్వాత ఒకటి వరసగా వచ్చి ముక్కుకు తగిలేవి. చేదు యాపనూనెది, అంటే వేపనూనెది. జిడ్డు ఆముదానిది. గోడ పొడవునా కుండలు. ఎడమ పక్కవి తినేవి: కందులు, పెసర్లు, బొబ్బెర్లు, ఉలవలు. వాటికి ఆముదం. కుడి పక్క మూతికి పేడ అలికి, గుడ్డ కట్టి ఉన్నవి ఇత్తులు, వచ్చే వానకాలం మళ్లీ భూమిలో పెట్టవలసినవి. వాటికి యాపనూనె. తినేవాటికి యాపనూనె పెడితే మనిషి నోట్లో పెట్టలేడు, ఇత్తులకు పెడితే పురుగు నోట్లో పెట్టలేదు. అంత సులువైన లెక్క మా బళ్లో కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను లెక్కల్లో ఆ మాత్రం మార్కులతో బయటపడేదాన్ని కాదు.

అపరాలకు, అంటే పప్పుగింజలకు, పురుగు పట్టడమంటే ఇప్పటివాళ్లకు డబ్బా మూత తీయగానే ఓ మాటు అరిచి, పారబోసి, ఫోనులో మళ్లీ తెప్పించుకోవడం. అప్పుడు అలా కాదు. బొబ్బెరగింజ మీద ఆవగింజలో సగం కూడా లేని తెల్లచుక్క కనిపించిందంటే ఇల్లంతా చిన్నబోయేది. ఆ చుక్క పురుగు పెట్టిన గుడ్డు. ఇంకొన్నాళ్లకు ఆ గింజలో గుండ్రటి బొక్క, కుండ అడుగున పిండి. గింజ పైకి గింజలాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. సభల్లో వేదిక మీద కూర్చున్నప్పుడు నాకా బొబ్బెరగింజే గుర్తొస్తుంటుంది.

అందుకని మాఘం వెళ్లే వేళకు మా ఇంట్లో నూనె పని మొదలయ్యేది. అంతకుముందే సత్తెత్త ఆముదాలను వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గంటెతో తీసి, మళ్లీ కాచి పెట్టేది. ఆ రోజు వాకిట్లోకి కుక్క కూడా వచ్చేది కాదు. యాపగింజల పలుకులను రోట్లో మెత్తగా దంచి, ఉడుకునీళ్లు చల్లి పిసికి పిసికి నూనె పిండేది కూడా ఆమే. ఆ వారమంతా ఆమె దగ్గర పడుకుంటే కలలు కూడా చేదుగా వచ్చేవి. కందులు, పెసర్లు ఎండలో గలగలమనేదాకా ఎండేవి. తర్వాత నీడకు తెచ్చి వేడి దిగేదాకా ఆరబోసేవాళ్లు. అప్పుడు మా అవ్వ, నాయినను కన్న తల్లి, చాట ముందు కాళ్లు చాపుకుని కూర్చునేది.

అవ్వ నూనెను గింజల మీద పోసేది కాదు. గురిగిలో, ఆ చిన్న మట్టిముంతలో, నాలుగు వేళ్లు ముంచి, రెండు అరచేతులు రుద్దుకుని, ఆ చేతులతో గింజలను దోసిళ్లకెత్తి జారవిడిచేది. మళ్లీ ఎత్తేది, మళ్లీ జారవిడిచేది. చేతులు పొడిబారినప్పుడే మళ్లీ ముంచేది. చాటలో గింజలు నీళ్లు పోసుకుని వచ్చిన పిల్లల్లా మెరిసేవి గానీ, ఒక్క గింజ తీసి బట్ట మీద పెడితే మరక పడేది కాదు.

"గిదేందవ్వా, గింత లొల్లి ఎందుకు, ఒక్కపారి పోసి కలుపరాదు?" అని అడిగాను.

"పోస్తె గింజ తాగుతదే పిచ్చిదానా. తాగినోడు లేసి పని జేస్తడా? నూనె చేతికి పెట్టాలె, గింజకు గాదు. పురుగు కాలు జారాలె, ఇత్తు గొంతు ఆడాలె."

అవ్వకు అక్షరం రాదు. నాకు వచ్చిన అక్షరాలన్నీ పెట్టినా ఇంతకంటే బాగా రాయలేను కనుక ఆ మాటను అట్లాగే ఎత్తిపెడుతున్నాను.

ఇంత పనిలో సత్తెత్త వంతు ఎంతవరకో చెప్పాలి. పెళ్లయిన ఏడాదికే మొగడు పోతే పుట్టింటికి వచ్చింది. నాకు తెలిసేనాటికి ఆమె నిండా పాతికేళ్లు కూడా లేని ముసలిది. రెండు నూనెలూ తీసేది ఆమే, గింజలు ఎండబోసేది, చెరిగేది, పుచ్చులు ఏరేది ఆమే. ఎడమ పక్క కుండలన్నిటికీ ఆముదం పట్టించేది ఆమే. అచ్చం అవ్వ చేతివాటమే వచ్చింది, చాట ముందు వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలిసేది కాదు. కానీ కుడి పక్క కుండలను మాత్రం ముట్టరాదు. మొగడు పోయిన ఆడదాని చెయ్యి ఇత్తుకు తగిలితే మొలవదని మా ఇంటి నమ్మకం. ఆమె తీసిన యాపనూనె ఇత్తుకు పనికొచ్చేది, ఆమె ఏరిన ఇత్తే ఇత్తయ్యేది, ఆఖరున పట్టించే అరచేతుల దగ్గరకు వచ్చేసరికి ఆమె లేచి అవతలికి పోవాలి. ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు. అవ్వ చాట ముందుకు జరిగితే చాలు, ఆమె తన కొంగు దులుపుకుని గడప అవతల కూర్చునేది.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు అవ్వకు కుడిచెయ్యి పడిపోయింది. మాట బాగానే ఉంది, కొంచెం ఎక్కువ బాగుంది కూడా. చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన పరాయి వస్తువులా ఉండేది. అప్పటికి ఇంకా కందులు కొయ్యలేదు. కానీ ఆ చలికాలమంతా మా ఇంట్లో ఎవరూ పైకి అనకుండా అందరూ అనుకుంటున్న మాట ఒకటే: ఇత్తుల కుండ ఇప్పుడు ఎవరి చేతికొస్తుంది? అది చిన్న సంగతి కాదు. ఇత్తుకు నూనె పట్టించే ఆడమనిషి ఎప్పుడు విత్తాలో చెప్తుంది, ఎవరికి ఎన్ని ఇత్తులు అరువివ్వాలో చెప్తుంది, ఆమె చెప్తే మొగవాళ్లు వింటారు. సత్తెత్తకైతే అది ఇంకా పెద్ద సంగతి. ఆ కుండ చేతికొస్తే ఆమె ఈ ఇంటి మనిషి. రాకుంటే ఈ ఇంట్లో తినే మనిషి.

ఒకనాడు అవ్వ తల దువ్వుతూ ఆమే అడిగింది. "అమ్మా, ఈయేడు ఇత్తులకు నేను పెడ్త. నువ్వు పక్కన కూసోని సూడు. నీ చెయ్యి అనుకో."

దువ్వెన ఆగిపోయింది. "నువ్వు తినేటియి సూస్కో బిడ్డా," అంది అవ్వ. "ఇత్తులకు కోడలున్నది గద."

కోడలంటే మా అమ్మ. మా చిన్నాయినకు, అంటే నాయిన తమ్ముడికి, ఇంకా పెళ్లి కాలేదు, ఇంట్లో పసుపు కుంకుమలున్న ఆడది అమ్మ ఒక్కతే. మా అమ్మను గురించి చెడ్డగా రాయలేను. రాయలేని చోట కూడా రాయక తప్పని పని ఇది. ఆమె పని రాక్షసి. పొద్దున లేస్తే పాలు, పేడ, పొయ్యి, పొలం, నలుగురు పిల్లలం. దోసిళ్లకెత్తి జారవిడిచే ఓపిక ఆమె దినచర్యలో ఎక్కడా ఇమడదు. దానికి తోడు భయం. మొదటిసారి ఇత్తులు తన చేతికొచ్చాయి, పురుగు పడితే ఆడబిడ్డ ముందు తల తీసేసినట్టుంటుంది. అందుకని ఎండలోంచి తెచ్చిన పెసర్లు, కందులు ఇంకా అరచేతికి చురుక్కుమంటుండగానే చాటలో కుమ్మరించి, గురిగి వదిలేసి గంటె తీసుకుంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. గంటె ముంచింది, పోసింది, కలిపింది. చూసుకుని, మళ్లీ ముంచి పోసింది.

గడప అవతలి నుంచి సత్తెత్త ఉండబట్టలేకపోయింది. "వదినె, జర వేడి దిగనియ్యి. గంటె తియ్, నూనె నీ చేతికి పెట్టు."

"పురుగు రాకుండ పెడ్తున్ననా, ఉత్తగ వాసన జూపనీకె పెడ్తున్ననా?" అని అమ్మ ఎదురడిగింది. "నువ్వు ఆడికెల్లే జెప్పు సత్తెమ్మా. లోపలికి రాకు."

గింజలు తళతళలాడాయి. పొలం నుంచి వచ్చిన నాయిన, చిన్నాయిన చూసి మెచ్చుకున్నారు. "అమ్మ పెట్టినప్పుడు సుత గిట్ల మెరవకపోతుండె" అన్నాడు చిన్నాయిన. ఆ అమ్మ, మా అవ్వ, తన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం. పెద్దవాళ్లు పొలంలో ఉన్నారు, అవ్వ కునుకు తీస్తోంది. నేను చల్లదనం కోసం కుండల అర్రలోకి దూరాను. సత్తెత్త కుడి పక్క కుండ మూతి విప్పి, గింజలను గోనె మీద పరిచి, పొయ్యిలోని జల్లెడపట్టిన బూడిద చల్లి అద్దుతోంది. కుండ అడుగున నూనె నిలిచింది. నన్ను చూసి ఉలిక్కిపడింది గానీ చెయ్యి ఆపలేదు.

"ముట్టద్దంటరు గద సత్తెత్తా?"

"ముట్టద్దు." అద్దుతూనే ఉంది. "పురుగు రాకుంటె సాలదే. మొలక గూడ రావాలె. బూడిద జర నూనె గుంజుకుంటదేమో సూస్తున్న. ఎవ్వరికి జెప్పకు."

నేను చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు. తొలకరి పడగానే ఇత్తుల కుండలు విప్పారు. ఒక్క పురుగు లేదు, ఒక్క బొక్క లేదు, అమ్మ మొహం వెలిగిపోయింది. పొలంలో వేశారు. ఊళ్లో అందరి చేలల్లో రెండాకులు లేచాయి. మా చెలకలో నేల నున్నగా, అప్పుడే గీసిన గడ్డంలా ఉంది. ఎక్కడో ఒకటి, మళ్లీ చాలా దూరాన ఒకటి. నాయిన సాలులో వేలు పెట్టి తవ్వాడు. ఉబ్బి, నల్లబడి, పులిసిన గింజలు పైకి వచ్చాయి. వాటికింకా యాపనూనె వాసన వస్తూనే ఉంది.

చిన్నాయిన కుండ అడుగున మిగిలిన ఇత్తులను దోసిట్లో తెచ్చి వాకిట్లో పోశాడు. వాటికి బూడిద అంటి ఉంది.

"బూడిద ఎవ్వరు కలిపిండ్రు?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. సత్తెత్త చేతిలో చీపురు ఉంది. దాన్ని గోడకు ఆనించి, "నేనే తమ్మీ," అంది. "నూనె ఎక్కువైంది. గుంజుకుంటదని కలిపిన."

"నువ్వు ముట్టినవా?" అన్నాడు నాయిన. బూడిద మాట ఎవరికీ వినిపించలేదు, నూనె మాటా వినిపించలేదు. ముట్టిన మాట ఒక్కటే వినిపించింది.

నేను ఉన్న మాట చెప్పాను. "అమ్మ గంటెతోని పోసింది నాయినా. వేడి మీద్నే పోసింది. నేను సూసిన." అమ్మ మొహంలో నెత్తురు లేదు. నాయిన నా వైపు తిరగకుండానే, "పెద్దోళ్ల నడుమ నువ్వేందే, నోరు మూస్కో" అన్నాడు. పప్పులో కాలేసిన వాళ్లను లోకం నవ్వి వదిలేస్తుంది. కాలేసిన వాళ్లను చూసినవాళ్లనే నోరు మూసుకోమంటుంది. తర్వాత నేను రచయిత్రినెందుకయ్యానని ఎవరైనా అడిగితే పుస్తకాలు చదివి అని చెప్తుంటాను. మర్యాదగా ఉంటుంది.

"ఇటు తే," అంది అవ్వ.

చిన్నాయిన ఆ ఇత్తులు కొన్ని తీసుకెళ్లి ఆమె ఎడమ చేతిలో పోశాడు. అవ్వ బొటనవేలితో రుద్దింది. బూడిద రాలిపోయింది. మళ్లీ రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అప్పుడు గింజలను ఒళ్లోకి వదిలి, ఆ అరచేతిని మెల్లగా తన తలకు రాసుకుంది. నెరిసిన జుట్టు మెరిసింది. ఇత్తులు మెదిపిన చేత్తో తలకు నూనె పెట్టుకోగలిగినంత నూనె ఉంది వాటికి, అన్ని నెలల తర్వాత, అంత బూడిద తర్వాత కూడా. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆ క్షణాన అవ్వకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె అమ్మ వైపు చూసింది. చంకలో మా చిన్నతమ్ముడు, కొంగు పట్టుకుని ఇంకో చెల్లె. తర్వాత సత్తెత్త వైపు చూసింది.

"సత్తెమ్మ చెయ్యి తగిలింది గద," అంది. "ఇగ ఎట్ల మొలుస్తది."

ఆ మాటను నేను ఇన్నేళ్లుగా అటూ ఇటూ తిప్పి చూశాను. మొదట్లో అవ్వ అబద్ధమాడిందనుకున్నాను. పెద్దయ్యాక, నాకూ ఒక ఇల్లు, కోడలు వచ్చాక, అవ్వ లెక్క అర్థమైంది. కోడలిని తప్పు పడితే ఇల్లు కదులుతుంది, బిడ్డను తప్పు పడితే బిడ్డ ఒక్కతే కదులుతుంది. అర్థమైనంత మాత్రాన చేదు తగ్గలేదు. యాపనూనె ఎందుకు చేదో తెలిసినవాళ్లకు అది తియ్యగా ఉంటుందా?

సత్తెత్త తల్లిని చూసింది, అంతే. ఆ తర్వాత ఎవరూ ఆమెను పొమ్మనలేదు. పొమ్మనలేక పొగబెట్టడమంటారు, మా ఇంట్లో పొగ కూడా పెట్టలేదు, పని తీసేశారు. "నువ్వు కూసో సత్తెమ్మా, నేను సూస్కుంట" అని అమ్మ ఆముదం గురిగి కూడా ఆమె చేతిలోంచి తీసుకుంది. అమ్మ గొంతులో కోపం లేదు. అంతకంటే అన్యాయమైనది, ఒక రకమైన మర్యాద ఉంది. పొద్దంతా పని చేసి ఒకరి తిండి తినే మనిషికి కూర్చోమనడం కంటే పెద్ద శిక్ష లేదు. వానలు వెనకబట్టకముందే ఆమె రెండు చీరలు మూటగట్టుకుని మేడ్చల్ పోయింది. అక్కడ చర్చి పక్కన ఆడపిల్లల హాస్టల్లో వంటకు మనిషి కావాలని ఎవరో చెప్పారట. బస్సు దాకా నేనే తోడు వెళ్లాను. బస్సెక్కుతూ, "పుస్తకాలు మంచిగ సదువు" అని మాత్రం అంది.

మరుసటి ఏడు ఇత్తులు అంగట్లో కొన్నారు. ఆ తర్వాత చిన్నాయిన కుండల అర్రలోకి తెల్లటి మందు గోళీలు తెచ్చాడు. అవి పెట్టిన రోజు తలుపు సందులకు బట్టలు కుక్కి, మమ్మల్ని ఆ పక్కకు రానిచ్చేవారు కాదు. పురుగులు చచ్చాయి. అర్రలోని ఆ మూడు వాసనలూ చచ్చాయి. ఆడవాళ్ల అరచేతులకు పని పోయింది, దాంతోపాటు ఎవరి చెయ్యి తగలొచ్చు, ఎవరిది తగలరాదు అనే గొడవా పోయింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ విషపు గోళీల మీద ఒకింత గౌరవం కూడా కలుగుతుంది. అవి ఏ ఆడదాని చేతినీ బొట్టు ఉందా అని అడగలేదు.

కనుక ఈ రోజుల్లో ఎవరైనా నన్ను పట్టుకుని, ఆ కాలం ఎంత స్వచ్ఛమైనదండీ, మందుల్లేని తిండి అంటే తల ఊపడానికి మెడ రాదు. తిండి స్వచ్ఛమే. గింజకు మందు లేకుండా బతికాం, మందంతా మనుషుల మధ్య దాచుకున్నాం. అయితే ఇప్పుడేం బాగుందని అంటే, ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తాను. మా ఇంట్లో కందిపప్పు ఫ్రిజ్‌లో ఉంటుంది. చలిలో కూర్చున్న ఆ పప్పుకు పురుగు రాదు, వాసన రాదు, దాన్ని మళ్లీ భూమిలో పెట్టే ప్రశ్న అసలే రాదు. మొలవదన్న భయం లేని ఇల్లు ఎంత నిశ్చింతో, అంత బోడి.

నేను పదో తరగతి మేడ్చల్‌లో చదివేటప్పుడు సత్తెత్త దగ్గరికి అప్పుడప్పుడు పోయేదాన్ని. హాస్టల్ వంటింట్లో పప్పుల డబ్బాల ముందు కూర్చుని అదే చేతివాటంతో ఆముదం పట్టిస్తుండేది. సిస్టరమ్మలకు ఆమె అంటే ప్రాణం. వెనక పెరట్లో బొబ్బెరతీగలు, చిక్కుడు పందిరి. ఎంత బాగా కాస్తున్నాయోనని అన్నాను.

"పిల్లలతోని పెట్టిస్త," అంది. "నేను తీగకు నీళ్లు పోస్త, పందిరి కడ్త, కాయ తెంపుత."

"ఇత్తు నువ్వే పెట్టొచ్చు గద సత్తెత్తా. ఈడ ఎవ్వరున్నరు అడిగేటోళ్లు?"

ఆమె నవ్వింది. "ఎవ్వరు లేరు," అని మళ్లీ డబ్బా వైపు తిరిగింది. ఎవరూ లేని చోట కూడా ఆమె ఆ గడప అవతలే కూర్చుని ఉందని అప్పుడు తెలిసింది. తర్వాతి ఏళ్లలో అవ్వ పోయింది, నాయిన పోయాడు, అమ్మ పోయింది. అమ్మ ఆఖరి రోజుల్లో ఒక్కసారి ఆమెను పిలిపించమంది. పిలిపించాం. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా కోడళ్ల గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నారు. గంటె మాట అమ్మ ఎత్తలేదు. సత్తెత్త ఎత్తనివ్వలేదేమో కూడా.

మా ఊరంతా ప్లాట్లయిపోయింది, ఈ యేడు మా చెలక కూడా అయింది. మా చిన్నాయిన ఇప్పుడు వ్యవసాయం మానేసి చాలా కాలమైంది. ఖద్దరు చొక్కా, రెండు ఫోన్లు, భూమి ఊసెత్తితే ఎకరం మాట పోయి గజం మాట వస్తుంది. కొనేవాళ్ల వకీలు ఇంట్లో పుట్టిన ఆడబిడ్డల వేలిముద్రలు కూడా కావాలన్నాడట. అందుకని నన్నూ, సత్తెత్తనూ కారు పంపి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పిలిపించాడు. పుట్టింటి నుంచి ఆమెకు కారు రావడం అదే మొదలు. "అక్కకు పసుపు కుంకుమ కింద ఏదన్న ఒకటి జేస్తం," అని చిన్నాయిన వకీలుతో అనేసి, ఎవరి గురించి అన్నాడో తట్టి నాలుక కొరుక్కుని, టీ చెప్పించాడు. ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం వాటా వదులుకుంటున్నామన్న ఆ కాగితాల మీద బుద్ధిగా సంతకం చేశాను. అన్యాయాల గురించి రాసే మనిషిని కదా, సంతకం అందంగా ఉంటుంది.

వేలిముద్రల మిషను మీద నా వేళ్లు పెట్టగానే పడ్డాయి. కలం తప్ప ఏమీ పట్టని వేళ్లు. సత్తెత్త వేళ్లు పడలేదు. మిషను ముందున్న అమ్మాయి బొటనవేలు పెట్టించింది, చూపుడువేలు పెట్టించింది, గట్టిగా నొక్కించింది, తుడిచి మళ్లీ పెట్టించింది. "గీతలు లేవు సార్, మొత్తం అరిగినయ్," అంది చిన్నాయినతో. "జర నూనె అంటితె పడ్తది ఒక్కోపారి."

చిన్నాయినకు చెమటలు పట్టాయి. కొనేవాళ్లు బయట కార్లలో కూర్చుని ఉన్నారు. పక్క కొట్టు నుంచి కొబ్బరినూనె పొట్లం తెప్పించి, పంటితో చింపి, అక్క చేతిని తన చేతిలోకి తీసుకుని బొటనవేలి మీద కుమ్మరించాడు. నూనె మణికట్టు మీంచి కారి బల్ల మీద పడింది.

"గంత వద్దు సార్, జారిపోతది! మిషన్ కరాబైతది," అని అమ్మాయి అరిచింది.

"ఉండు తమ్మీ," అంది సత్తెత్త. చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగుతో శుభ్రంగా తుడుచుకుంది. పొట్లం అడుగున మిగిలిన నూనెలో ఎడమచేతి వేలు ఆనించి, రెండు అరచేతులు నింపాదిగా రుద్దుకుంది. గది మొత్తం ఆమె కోసం ఆగి ఉంది. ఎనభై దాటిన ఆ చేతులు ఒకదానిలోంచి ఒకటి జారుతూ, మళ్లీ కలుస్తూ, కంటికి కనపడనంత పలచగా నూనెను వేళ్ల కొసలదాకా తీసుకుపోయాయి. అప్పుడు బొటనవేలు మిషను మీద పెట్టింది. పచ్చదీపం వెలిగింది.

"పడ్డది!" అన్నాడు చిన్నాయిన. ఆనందం పట్టలేక ఆమె భుజం తట్టాడు. "మంచి చెయ్యి అక్కా నీది!"

నేను గబుక్కున ఆయన మొహంలోకి చూశాను. ఆయనకేమీ తట్టలేదు, అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయట ఉన్నవాళ్లకు పని అయిందని చెప్తున్నాడు. సత్తెత్త చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తుడిచిన చోటే ఇంకోసారి తుడుచుకుంది. తర్వాత తమ్ముడి వైపు కాదు, నా వైపూ కాదు, మిషను ముందున్న ఆ అమ్మాయి వైపు చూసి అడిగింది.

"ఇగ నేను పోవచ్చా బిడ్డా?"